సేబన్ వెళ్లాక అలబామా ఫుట్‌బాల్: టికెట్ డబ్బులు గిట్టుబాటవుతున్నాయా?

బర్మింగ్‌హామ్, హంట్స్‌విల్, అట్లాంటా వైపు ఉండే మనవాళ్లు ఈమధ్య నన్ను తరచూ అడుగుతున్నది ఒకటే. కోచ్ నిక్ సేబన్ వెళ్లిపోయాడు కదా, ఇంకా టస్కలూసా దాకా కారేసుకుని వెళ్లి, అంతంత పెట్టి టికెట్ కొని అలబామా యూనివర్సిటీ జట్టు ఆట చూడటం దండగ కాదా అని. కాదు. నా మట్టుకు నాకు సేబన్ తర్వాతి రెండు సీజన్లు, అంటే 2024, 2025, అంతకుముందు చూసినవాటికన్నా ఎక్కువ గుర్తుండిపోయాయి. కానీ ఏం కొంటున్నామో తెలిసి కొనాలి, ఎందుకంటే స్టేడియం అదే, ఎర్ర జెర్సీ అదే, బ్యాండు అదే అయినా మైదానంలో జరిగే ఆట మాత్రం మారిపోయింది. ఇదివరకు ఎంత తేడాతో గెలుస్తారన్నదే లెక్క, ఇప్పుడు గెలుస్తారా లేదా అన్నది చాలాసార్లు చివరి క్వార్టర్ దాకా తేలదు.

కొత్తగా వచ్చినవాళ్ల కోసం ఒక్క ముక్క. ఇది హెల్మెట్లు పెట్టుకుని ఆడే అమెరికన్ ఫుట్‌బాల్. నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకు వెళ్తే బంతి మళ్లీ మీదే, వెళ్లలేకపోతే అవతలివాళ్లది, ఇది తెలిస్తే మొదటిరోజు నెట్టుకురావచ్చు. అలబామా రాష్ట్రంలో ఎన్‌ఎఫ్‌ఎల్, అంటే ప్రొఫెషనల్ లీగ్, జట్టు లేదు. అందుకే ఇక్కడ జనానికి కాలేజీ జట్టే సర్వస్వం, పెళ్లి ముహూర్తాలు కూడా ఇదే రాష్ట్రంలోని ప్రత్యర్థి యూనివర్సిటీ ఆబర్న్‌తో మ్యాచ్ ఉన్న శనివారాన్ని తప్పించి పెట్టుకునేవాళ్లు నాకు తెలుసు. అలాంటి చోట కోచ్ మారడమంటే ఆఫీసులో మేనేజర్ మారినంత తేలిక కాదు.

జరిగింది క్లుప్తంగా చెప్తాను. 2024 జనవరి 1న రోజ్ బౌల్ అనే సీజన్ చివరి పెద్ద మ్యాచ్‌లో అలబామా మిషిగన్ చేతిలో ఓవర్‌టైమ్‌లో 27–20తో ఓడింది. 10వ తేదీన సేబన్ రిటైర్ అవుతున్నాడన్న వార్త వచ్చింది. ఇక్కడ 17 సీజన్లు, ఆరు జాతీయ టైటిళ్లు (2009, 2011, 2012, 2015, 2017, 2020), దానికి ముందు లూసియానా స్టేట్ యూనివర్సిటీలో 2003లో ఇంకొకటి. రెండు రోజులు తిరక్కుండానే, 12న, అథ్లెటిక్ డైరెక్టర్ గ్రెగ్ బర్న్ వాషింగ్టన్ యూనివర్సిటీ నుంచి కేలెన్ డిబోర్‌ను తెచ్చాడు. 8 ఏళ్లకు 8.7 కోట్ల డాలర్ల కాంట్రాక్టు. చిత్రమేమిటంటే డిబోర్ వాషింగ్టన్ జట్టు కూడా ఆ వారంలోనే, జనవరి 8న, జాతీయ ఫైనల్లో అదే మిషిగన్ చేతిలో 34–13తో ఓడింది. అంటే మిషిగన్ దెబ్బ తిన్న ఇద్దరిలో ఒకరు ఇంటికి వెళ్లిపోతే, రెండోవాడు వచ్చి ఆ కుర్చీలో కూర్చున్నాడు.

అంత తొందరపడటం అప్పట్లో కొందరికి నచ్చలేదు, ఇంకా నలుగురైదుగురిని పిలిచి మాట్లాడాల్సింది కదా అన్నారు. కానీ కోచ్ మారితే ఆటగాళ్లకు 30 రోజులపాటు వేరే కాలేజీకి వెళ్లిపోయే వీలు అప్పట్లో ఉండేది, గడియారం సేబన్ తప్పుకున్న రోజే మొదలైంది. ఎంత తొందరపడినా కేలెబ్ డౌన్స్ లాంటి డిఫెన్స్ ప్రాణం ఒహాయో స్టేట్‌కు వెళ్లిపోయాడు, విసిరిన బంతి పట్టే రిసీవర్ ఐజయా బాండ్ టెక్సస్‌కు వెళ్లాడు, ఇంకా అప్పుడే చేరిన, బంతి విసిరి ఆట నడిపే కుర్ర క్వార్టర్‌బ్యాక్ జూలియన్ సేయన్ కూడా ఒహాయో స్టేట్ బాటే పట్టాడు. ఇంకో పది రోజులు ఆలస్యమై ఉంటే డ్రెస్సింగ్ రూమ్ సగం ఖాళీ అయ్యేదని నా నమ్మకం. ఈ విషయంలో బర్న్‌కు నేను పూర్తి మార్కులు వేస్తాను.

ఇప్పుడు అసలు చోటికి వద్దాం. మ్యాచ్ రోజు ఎంత ఆలస్యమైనా సరే, స్టేడియం ఉత్తరం వైపు వాక్ ఆఫ్ చాంపియన్స్ దగ్గర కాసేపు ఆగండి. ఇది టికెట్ లేకుండా దొరికేది, నా లెక్కలో ఈ మొత్తం అనుభవంలో బాగా విలువైనది. జాతీయ టైటిల్ తెచ్చిన కోచ్‌లకు మాత్రమే అక్కడ కంచు విగ్రహాలు ఉన్నాయి: వాలెస్ వేడ్, ఫ్రాంక్ థామస్, బేర్ బ్రయంట్, జీన్ స్టాలింగ్స్, నిక్ సేబన్. అందరూ సేబన్ పక్కన సెల్ఫీ దిగి వెళ్లిపోతారు. మీరు అలా చేయకండి. బ్రయంట్ దగ్గర నిలబడి, అక్కడినుంచి స్టాలింగ్స్ దాకా, స్టాలింగ్స్ నుంచి సేబన్ దాకా నడవండి. నాలుగడుగులు కూడా పట్టని ఆ దూరాల్లో విగ్రహాలు లేని కోచ్‌లు ఎంతమంది ఉన్నారో తెలిస్తే డిబోర్ మీద ఉన్న బరువు అర్థమవుతుంది.

బ్రయంట్ 1958 నుంచి 1982 దాకా 25 సీజన్లు ఉన్నాడు. ఇక్కడే 232 విజయాలు, ఆరు టైటిళ్లు. గళ్ల టోపీ పెట్టుకుని, ప్రాక్టీస్ మైదానంలో ఎత్తైన టవర్ ఎక్కి పైనుంచి చూసేవాడు. 1982 డిసెంబర్ 29న లిబర్టీ బౌల్‌లో ఇల్లినాయిస్‌ను 21–15తో గెలిచి తప్పుకున్నాడు, 1983 జనవరి 26న పోయాడు. నెల రోజులు కూడా గడవలేదు. పెద్దాయన రిటైరైనందుకే జనం తట్టుకోలేకపోతుంటే, కొత్త కోచ్ ఇంకా సర్దుకోకముందే ఊరంతా అంత్యక్రియల్లో ఉంది.

ఆ కొత్త కోచ్ రే పెర్కిన్స్. బయటివాడేం కాదు, బ్రయంట్ దగ్గర ఆడినవాడే, ఎన్‌ఎఫ్‌ఎల్ జట్టు న్యూయార్క్ జెయింట్స్ హెడ్ కోచ్ ఉద్యోగం వదిలి మరీ వచ్చాడు. వచ్చీ రాగానే రెండు పనులు చేశాడు. బ్రయంట్ ఏళ్ల తరబడి ఆడించిన, బంతి పట్టుకుని పరిగెత్తడమే ప్రధానమైన విష్‌బోన్ ఆటను పక్కన పెట్టాడు, ప్రాక్టీస్ మైదానంలో ఆ టవర్‌ను తీయించాడు. ఆటపరంగా చూస్తే మొదటిది తప్పేమీ కాదు, కాలం మారుతోంది. రెండోది మాత్రం జనం మనసులో ముల్లులా దిగింది. 1984లో 5–6తో (అయిదు గెలుపులు, ఆరు ఓటములు) సీజన్ ముగిసేసరికి, 1957 తర్వాత అలబామాకు మొదటిసారి గెలుపులకన్నా ఓటములు ఎక్కువైన ఏడాది అదేనని అందరూ టవర్‌నే గుర్తుచేసుకున్నారు. నాలుగు సీజన్లు చేసి 1986 తర్వాత ఎన్‌ఎఫ్‌ఎల్ జట్టు టాంపా బేకు వెళ్లిపోయాడు. 32–15–1 రికార్డు (చివరిది టై) ఉన్నవాణ్ని విఫలమయ్యాడని ఎలా అంటారో నాకు ఈ రోజుకీ అర్థం కాదు.

తర్వాత వచ్చిన బిల్ కర్రీ పరిస్థితి ఇంకా ఘోరం. జార్జియా టెక్ మనిషి, ఇక్కడివాళ్ల దృష్టిలో పరాయివాడు. 1988లో ఓలె మిస్ (మిసిసిపీ యూనివర్సిటీ) చేతిలో సొంత గడ్డ మీద ఓడితే ఆయన ఆఫీసు కిటికీలోంచి ఎవడో ఇటుక విసిరాడు. 1989లో పది మ్యాచ్‌లు గెలిచి కాన్ఫరెన్స్ (అలబామా ఆడే దక్షిణాది కాలేజీల లీగ్) టైటిల్లో వాటా తెచ్చినా, ఆబర్న్ చేతిలో మూడేళ్లూ ఓడాడు కాబట్టి ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు, చివరికి కెంటకీకి వెళ్లిపోయాడు. కెంటకీ! ఫుట్‌బాల్ పరంగా అలబామా నుంచి కెంటకీకి ఎవరైనా ఇష్టపడి వెళ్లారంటే ఇక్కడ ఊపిరి ఎంత ఆడలేదో ఊహించుకోండి.

స్టాలింగ్స్ 1990లో వచ్చి 1992లో 13–0తో టైటిల్ తెచ్చాడు, షుగర్ బౌల్‌లో మయామీని 34–13తో చిత్తు చేశాడు. ఆయన బ్రయంట్ శిష్యుడే, టెక్సస్ ఎ అండ్ ఎంలో ఆయన దగ్గర ఆడినవాడు, ఇక్కడ ఆయన కిందే పనిచేసినవాడు. అందుకని చాలామంది మనవాడే వస్తే బాగుపడతాం అని తేల్చేసుకున్నారు. మరి పెర్కిన్స్ కూడా మనవాడే కదా? 1997 నుంచి 2006 వరకు డుబోస్, ఫ్రాంచియోన్, ఒక్క ఆట కూడా ఆడించకుండానే పోయిన మైక్ ప్రైస్, మైక్ షూలా. వీళ్లలో డుబోస్, షూలా ఇద్దరూ అలబామాలో ఆడినవాళ్లే. ఆ పదేళ్ల సంగతి ఇక్కడి పెద్దవాళ్లు ఇప్పటికీ గొంతు తగ్గించి మాట్లాడతారు. ఆ ఊబిలోంచి లాగింది 2007లో ఎన్‌ఎఫ్‌ఎల్ జట్టు మయామీ డాల్ఫిన్స్ నుంచి వచ్చిన సేబన్, అతనికీ అలబామాతో ముందు ఏ చుట్టరికమూ లేదు.

ఇంత పాత కథ ఎందుకు చెప్తున్నానంటే, డిబోర్ మీద వచ్చే మొదటి విమర్శ అదే. సౌత్ డకోటా మనిషి, ఈ కాన్ఫరెన్స్‌లో ఒక్కరోజు కూడా పనిచేయలేదు, ఇక్కడి యాస లేదు, సైడ్‌లైన్ మీద అరవడు, హెడ్‌సెట్ నేలకేసి కొట్టడు. సూ ఫాల్స్ అనే చిన్న కాలేజీలో మూడు ఎన్‌ఏఐఏ (చిన్న కాలేజీల సంఘం) టైటిళ్లు గెలిచి, మెట్టు మెట్టు ఎక్కుతూ వచ్చినవాడు. మన ఊళ్లో నలభై ఏళ్లు చూసిన పెద్ద డాక్టరుగారు ప్రాక్టీసు మానేసి, ఆ కుర్చీలో కొత్త కుర్రాడు కూర్చుంటే, అదే మందు రాసిచ్చినా చెయ్యి చూసే పద్ధతి వేరుగా ఉందని జ్వరం తగ్గలేదంటారు చూడండి, స్టేడియంలో నా చుట్టుపక్కల సీట్లలో వినిపించే మాటలు అచ్చం అలాగే ఉంటాయి. ఓడితే కోపం రాలేదేం అంటారు, గెలిస్తే సేబన్ తెచ్చిన పిల్లలతోనే కదా గెలిచాడు అంటారు.

సరే, సరుకు ఎలా ఉందో చూద్దాం.

2024 సెప్టెంబర్ 28, జార్జియా మ్యాచ్. ఇది నేను పై డెక్‌లో, దాదాపు చివరి వరసల్లో కూర్చుని చూశాను, అక్కడినుంచి ఆటగాళ్ల నంబర్లు కనిపించవు కానీ ఆట పరుచుకోవడం బాగా తెలుస్తుంది. 28–0 ఆధిక్యం వచ్చింది. నా వెనక సీట్లోవాళ్లు సేబన్ పేరు ఎత్తడం కూడా మానేశారు. హాఫ్‌టైమ్‌కు 30–7. తర్వాత జార్జియా ఒక్కో మెట్టూ ఎక్కుతూ వచ్చి, ఆట ఇంకా రెండున్నర నిమిషాలు ఉందనగా 34–33తో ముందుకు పోయింది. లక్ష మంది పట్టే స్టేడియంలో అంత నిశ్శబ్దం నేను ఎప్పుడూ వినలేదు. ఆ వెంటనే వచ్చిన మొదటి బంతికే జేలెన్ మిల్రో కుడివైపు ఎత్తుగా విసిరాడు. రయన్ విలియమ్స్, అప్పటికి 17 ఏళ్ల పిల్లాడు, వెనక్కి తగ్గి బంతి పట్టుకుని, ఒంటికాలి మీద గిర్రున తిరిగాడు. ఆ తిరగడంలోనే జార్జియా వాళ్లిద్దరు పక్కకు పోయారు. పై డెక్ నుంచి చూస్తే వాడి ముందు ఖాళీ పచ్చిక ఎంత ఉందో వాడికన్నా ముందు మాకే కనిపించింది. 75 గజాల టచ్‌డౌన్, బంతితో అవతలి గీత దాటేశాడు. సిమెంటు మెట్లు అదురుతున్నాయి, పక్కనున్న ముక్కూమొహం తెలియని పెద్దాయన నా భుజాలు పట్టుకుని ఊపేస్తున్నాడు. 41–34. ఆఖర్లో జేబియన్ బ్రౌన్ అనే మొదటి ఏడాది కుర్రాడు గీత అవతలి ఎండ్‌జోన్‌లో బంతి లాక్కోవడంతో ఆట ముగిసింది. ఆ ఒక్క రాత్రికి నేను పెట్టిన డబ్బు మొత్తం తిరిగొచ్చేసింది.

సరిగ్గా వారం తర్వాత, అక్టోబర్ 5న, దేశంలో నంబర్ వన్ ర్యాంకుతో నాష్‌విల్ వెళ్లి వాండర్‌బిల్ట్ చేతిలో 40–35తో ఓడారు. వాండర్‌బిల్ట్ చదువుకు పేరున్న యూనివర్సిటీ, అలబామాను 1984 తర్వాత ఎప్పుడూ ఓడించలేదు. 1984 అంటే పెర్కిన్స్ 5–6 సీజన్, గమనించండి. 60 నిమిషాల ఆటలో 42 నిమిషాలకు పైగా బంతి వాళ్ల దగ్గరే ఉంది. క్వార్టర్‌బ్యాక్ డియేగో పావియా మూడో ప్రయత్నంలో కావలసిన గజాలు మళ్లీ మళ్లీ సంపాదిస్తుంటే అలబామా డిఫెన్స్ నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడిపోయింది. వాళ్ల విద్యార్థులు గోల్‌పోస్టు పీకి ఊరంతా మోసుకెళ్లి కంబర్లాండ్ నదిలో పడేశారు. స్నేహితుడి ఇంట్లో టీవీలో చూస్తున్న మాకు అన్నం సయించలేదు. ఆ తర్వాత టెనెసీలో 24–17, ఓక్లహోమాలో 24–3. ఆ ఓక్లహోమా ఆట ఓటమికన్నా ఎక్కువ బాధపెట్టింది, ఎందుకంటే ఒక్క టచ్‌డౌన్ కూడా లేదు. బౌల్ ఆటలో మళ్లీ మిషిగన్, 19–13. మొత్తం 9–4. 2007 తర్వాత పది గెలుపులు అందుకోని మొదటి సీజన్.

ఇక్కడే నాకు జనం మీద కోపం వస్తుంది. 2007 ఎవరి సీజన్? సేబన్ మొదటి సీజన్. ఆ ఏడాది ఇదే స్టేడియంలో లూసియానా-మన్రో అనే చిన్న కాలేజీ చేతిలో 21–14తో ఓడారు, మైదానంలో ఆడిన లెక్కన ఆ సీజన్ 7–6. అప్పుడు ఎవరైనా ఓపిక పట్టకపోయి ఉంటే వాక్ ఆఫ్ చాంపియన్స్‌లో ఐదో విగ్రహం ఉండేది కాదు. 2025లో అదే లూసియానా-మన్రో వస్తే డిబోర్ జట్టు 73–0తో పంపించింది. దాన్నిబట్టి డిబోర్ గొప్ప అనను, కానీ మొదటి ఏడాది చూసి మనిషిని కొలవకూడదన్న మాట మాత్రం గట్టిగానే అంటాను.

2025 మొదలే టలహాసీలో ఫ్లోరిడా స్టేట్ చేతిలో 31–17 ఓటమి. ఆ వారమంతా రేడియోలో ఫోన్ చేసినవాళ్లంతా డిబోర్‌ను పంపించేయాలన్నవాళ్లే, నేను కారులో రేడియో కట్టేసుకుని ఆఫీసుకు వెళ్లాను. తర్వాత ఏం జరిగింది? ఎనిమిది మ్యాచ్‌లు వరుసగా గెలిచారు. అందులో నాలుగు వారాలు ఊపిరి తీసుకునే విరామం లేకుండా ర్యాంకు ఉన్న జట్లే: ఏథెన్స్ వెళ్లి జార్జియాను 24–21, ఇంట్లో వాండర్‌బిల్ట్‌ను 30–14, మిజూరీ వెళ్లి వాళ్లను 27–24, మళ్లీ ఇంట్లో టెనెసీని 37–20. క్వార్టర్‌బ్యాక్ టై సింప్సన్ ఏళ్లపాటు బెంచీ మీద కూర్చుని, వేరే కాలేజీకి పోకుండా, తన వంతు కోసం ఆగిన పిల్లాడు. ఈ రోజుల్లో అలాంటివాళ్లు అరుదు కాబట్టి వాడు గెలుస్తుంటే నాకు సొంత తమ్ముడు గెలిచినంత ఆనందం.

నవంబర్ 15న ఓక్లహోమా వచ్చి 23–21తో గెలిచి వెళ్లింది. అలబామా గజాలు వాళ్లకన్నా దాదాపు రెట్టింపు సంపాదించి కూడా, మూడుసార్లు బంతి చేజార్చుకుని ఓడింది. కాన్ఫరెన్స్ ఫైనల్లో జార్జియా 28–7తో పాత బాకీ తీర్చుకుంది. అయినా జాతీయ టైటిల్ కోసం ఆడే ప్లేఆఫ్‌లో చోటు దొరికింది, అక్కడ మళ్లీ ఓక్లహోమాతోనే, వాళ్ల ఊళ్లోనే, 17–0తో వెనకబడి కూడా 34–24తో గెలిచారు. ఆ రాత్రి నాకు జార్జియా రాత్రికి ఏమాత్రం తీసిపోదు. తర్వాత 2026 జనవరి 1న రోజ్ బౌల్‌లో ఇండియానా 38–3తో చితక్కొట్టింది. అందులో సమర్థించడానికి ఏమీ లేదు, లైన్ దగ్గర తోపులాటలోనే అలబామా పిల్లలు తేలిపోయారు.

కాబట్టి లోపాలు కూడా చెప్పాలి. బంతి పట్టుకుని పరిగెత్తే ఆట 2025 అంతా నీరసంగా ఉంది. గజమో రెండు గజాలో కావలసినచోట నెట్టుకుని వెళ్లలేకపోతున్నారు. సేబన్ జట్ల మీద అవతలివాళ్లు మొదట భయంతో ఓడి తర్వాత మైదానంలో ఓడేవాళ్లు, ఆ భయం ఇప్పుడు ఎవరికీ లేదు. తేలిక అనుకున్న ఆటకు సిద్ధపడి రాకపోవడం అన్నది వాండర్‌బిల్ట్ దగ్గరా, ఫ్లోరిడా స్టేట్ దగ్గరా కనిపించిన ఒకే రోగం, అది కోచ్ బాధ్యతే, ఇందులో ఎవరికీ మినహాయింపు లేదు.

అయితే టికెట్ కొనేవాడికి పనికొచ్చే లెక్క ఒకటుంది, దీన్ని ఎవరూ చెప్పరు. ఈ రెండు సీజన్లలో డిబోర్ జట్టు ఓడింది ఎనిమిది. అందులో అలబామా సొంత మైదానం బ్రయంట్-డెన్నీ స్టేడియంలో ఓడింది ఒక్కటే, ఆ ఓక్లహోమా ఆట. 2024లో సొంత గడ్డ మీద ఏడుకు ఏడూ గెలిచారు, 2025లో ఏడింటిలో ఆరు. కష్టాలన్నీ పరాయి ఊళ్లలో, తటస్థ మైదానాల్లో. అంటే రేడియోలో తిట్టేవాళ్లు టీవీలో చూసిన జట్టు వేరు, టస్కలూసాలో కూర్చుని మనం చూసే జట్టు వేరు.

వేరేచోట్ల ఏం జరిగిందో కూడా చూడండి. నెబ్రాస్కాలో టామ్ ఆస్బోర్న్ 25 సీజన్లు చేసి 1997 తర్వాత తప్పుకుంటే ఆయన కిందే పనిచేసిన ఫ్రాంక్ సోలిచ్ వచ్చాడు. ఆరేళ్లలో 58–19. ఒకసారి జాతీయ ఫైనల్ ఆడించాడు. 2003లో తొమ్మిది గెలిచి మూడు ఓడితే, ఇది మన స్థాయి కాదని తీసేశారు. 1999లో సోలిచ్ తెచ్చిన కాన్ఫరెన్స్ టైటిలే ఈ రోజుకీ నెబ్రాస్కాకు ఆఖరిది. అదే ఫ్లోరిడా స్టేట్‌లో బాబీ బౌడెన్ తర్వాత జింబో ఫిషర్ వచ్చి 2013లో టైటిల్ తెచ్చాడు. తర్వాత టెక్సస్ ఎ అండ్ ఎంకు వెళ్లి, అక్కడినుంచి 2023లో తీసేస్తే సుమారు 7.6 కోట్ల డాలర్లు ఊరికే ఇవ్వాల్సి వచ్చింది. పెద్దాయన తర్వాత వచ్చినవాడు తప్పనిసరిగా ఓడిపోతాడన్న రూలేమీ లేదు. కానీ తొమ్మిది గెలుపులను అవమానంగా చూసే ఊరు మాత్రం ఏ కోచ్‌నీ నిలవనివ్వదు. అలబామా ఆ పొరపాటు 1980ల్లో ఒకసారి చేసింది, మళ్లీ చేయకూడదని నా ఆశ.

సేబన్ ఎక్కడికీ పోలేదు, అది కూడా గుర్తుపెట్టుకోండి. 2024 సెప్టెంబర్‌లో మైదానానికి ఆయన పేరు పెట్టారు, స్టేడియంలో ఆయనకు ఆఫీసు ఉంది, శనివారం పొద్దున టీవీలో కాలేజ్ గేమ్‌డేలో కనిపిస్తాడు. డిబోర్ ఆయన పేరు రాసి ఉన్న మైదానం మీద, ఆయన విగ్రహం దాటి వచ్చి ఆడిస్తున్నాడు. పెర్కిన్స్‌లా టవర్ జోలికి పోలేదు. పాతవాళ్లను గౌరవించాడు, తన ఆట తాను ఆడిస్తున్నాడు. ఈ నిదానమే నాకు ఆయనలో బాగా నచ్చిన గుణం.

ఇక వెళ్లేవాళ్లకు పనికొచ్చే మాటలు. టికెట్లు తిరిగి అమ్మే యాప్‌లలో ఇదివరకు మొదట కనిపించే ధర చూసి సంబరపడితే, చివరి పేజీకి వచ్చేసరికి ఫీజుల పేరుతో నెత్తిన బండ పడేది. ఫీజులతో కలిపిన మొత్తం ధరే చూసి పోల్చుకోండి. మొదటిసారి వెళ్లేవాళ్లు, పిల్లలున్నవాళ్లు, చిన్న కాలేజీతో ఆట ఎంచుకోండి. రేటు చాలా తక్కువ, బ్యాండు, ఏనుగు వేషం వేసుకున్న బిగ్ అల్, అరుపులు అన్నీ అవే. ఆట రుచి పట్టుబడ్డాక జార్జియా, టెనెసీ, ఆబర్న్ లాంటివాటికి ఖర్చుపెట్టండి. పారదర్శకమైన బ్యాగో, బాగా చిన్న పర్సో తప్ప లోపలికి రానివ్వరు, మామూలు హ్యాండ్‌బ్యాగు తెస్తే మళ్లీ కారు దాకా నడవాలి. సెప్టెంబర్ మధ్యాహ్నం ఆట అయితే ఎండ మన మే నెల ఎండకు ఏమాత్రం తగ్గదు, తూర్పు వైపు సీట్లకు సాయంత్రందాకా నీడ రాదు.

ఆటకు మూడు నాలుగు గంటల ముందే యూనివర్సిటీ మధ్యలో ఉన్న పచ్చిక మైదానం, క్వాడ్‌కు చేరుకోండి. డెన్నీ చైమ్స్ గంటల గోపురం చుట్టూ టెంట్లు, పొయ్యిలు, టీవీలు. ఎవరి టెంట్ ముందు ఆగినా ఏదో ఒకటి చేతిలో పెడతారు. మాంసం తినేవాళ్లు ముందురోజే వచ్చి డ్రీమ్‌ల్యాండ్‌లో పక్కటెముకల బార్బెక్యూ తినండి, తెల్ల బ్రెడ్‌తో సాస్ అద్దుకుని తినడం ఇక్కడి పద్ధతి, అది కూడా బ్రయంట్ వచ్చిన 1958లోనే తెరిచిందే. శాకాహారులకు స్టేడియంలో పాప్‌కార్న్, నాచోలతో సరిపెట్టుకోవడమే, ఇంట్లోంచి పులిహోర తెచ్చుకుని క్వాడ్‌లో తిని లోపలికి వెళ్లండి. యూనివర్సిటీలో చదివే మన పిల్లలు కూడా అక్కడే కలుస్తారు.

నా రేటింగ్: వాతావరణానికి ఐదుకు ఐదు, ఇంట్లో ఆడే ఆటకు నాలుగు, బయట ఆడే ఆటకు రెండు, కోచ్‌ను మార్చిన తీరుకు నాలుగున్నర. డిబోర్‌కు ఇప్పుడే అంకె వేయను, ఇంకో రెండు సీజన్లు చూశాక వేస్తాను. వచ్చే సీజన్‌కు కూడా పై డెక్ టికెట్లే చూస్తున్నాను, ఎవరైనా వచ్చేవాళ్లుంటే చెప్పండి, పక్కపక్కన సీట్లు తీసుకుందాం.